దాణా తినే మా బాబాయి

మా బాబాయి చేత మొట్టమొదటిసారి పశువుల దాణా తినిపించింది డైరెక్టరు. తినిపించడమంటే పట్టుకుని నోట్లో కుక్కలేదు. అంత శ్రమ ఆయనెందుకు పడతాడు? పిలిచాడు, అంతే.

పశుదాణా పరిశోధన కేంద్రం చూడ్డానికి పైనుంచి ఎవరో పెద్దమనిషి వచ్చాడు. షెడ్లన్నీ తిప్పారు. ఆవుల్ని కడిగి నిలబెట్టి చూపించారు. చివర్లో కొత్త దాణా బస్తా విప్పి, గుప్పెడు తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టారు. మొక్కజొన్న, తవుడు, నూనె తీసేసిన చెక్క, బెల్లపు మడ్డి, ఉప్పు అన్నీ కలిసిన వాసన. పెద్దమనిషికి పొద్దుపోవడం లేదు. "ఇంత బలమైంది అయితే మనమే తినొచ్చు కదయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే డైరెక్టరు వెనక్కి తిరిగి, ల్యాబు గుమ్మంలో తెల్లకోటు వేసుకుని నిలబడ్డ మా బాబాయిని చూశాడు.

"ఏమయ్యా, ఇలా రా. సారుకి తిని చూపించు."

అప్పటికి బాబాయి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. డిగ్రీ చదివినవాడు. దాణాలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో కొలవడం ఆయన పని. ఆ పొద్దున పెద్దమనిషికి ఆ కొలతలన్నీ తానే వివరించాలని, తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని, అద్దం ముందు నిలబడి వల్లె వేసుకుని మరీ వెళ్ళాడట. మాట్లాడ్డానికి సిద్ధం చేసుకున్న నోటిని దాణాతో నింపుకుని తిరిగొచ్చాడు.

కాదనొచ్చు. "సార్, ఇది నా పని కాదు" అనొచ్చు. కనీసం సిగ్గుపడుతూ నవ్వేసి రెండడుగులు వెనక్కి వేసినా, ఆ గుంపులో ఇంకెవడో ముందుకొచ్చి తినేవాడు. అలాంటి వాళ్ళకి ఆ కేంద్రంలో ఎన్నడూ కరువు లేదు. మా బాబాయి చెయ్యి చాపాడు, తీసుకున్నాడు, నమిలాడు, మింగాడు. మీసానికి తవుడు అంటుకుంది. పెద్దమనిషి కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "ఎలా ఉందయ్యా?" అని అడిగాడు.

"కమ్మగా ఉందండి" అన్నాడు బాబాయి.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. అందులో డైరెక్టరు ఉన్నాడు, పెద్దమనిషి ఉన్నాడు, బస్తా ఉంది. బాబాయిది చెయ్యి మాత్రమే పడింది. ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాడు. ఆ బీరువా తెరిచినప్పుడల్లా మా పిన్ని తల పక్కకి తిప్పుకునే చీర తీసుకునేది.

దాణా తిన్న సాయంత్రానికే ఆయనకి శాంపిల్ అని పేరు పడింది. ఆ తర్వాత ఎవరు వచ్చినా, కాలేజీ పిల్లలు వచ్చినా, డైరీ యజమానులు వచ్చినా, డైరెక్టరు బావమరిది పెళ్ళాంతో సహా ఊరికే వచ్చినా, చివర్లో "శాంపిల్‌ని పిలవండి" అనేవారు. డైరెక్టర్లు మారారు. కుర్చీ అప్పగించేటప్పుడు పాతాయన కొత్తాయనకి తాళాలతోపాటు మా బాబాయిని కూడా అప్పగించినట్టుంది. ఏ కొత్త డైరెక్టరూ "ఇదేమిటి, ఉద్యోగి చేత దాణా తినిపించడమేమిటి?" అని అడగలేదు.

వాళ్ళని తిట్టి ప్రయోజనం లేదు, వాళ్ళంతే. నాకు ఒళ్ళు మండేది బాబాయిని చూసి. ఎందుకంటే ఆయన ఆ పనిని ఒక విద్య కింద మార్చుకున్నాడు. పిలుపు రాగానే పరిగెత్తడు. ముందు సబ్బుతో చేతులు కడుగుతాడు. కోటు చెయ్యి మోచేతి దాకా మడుస్తాడు. బస్తా పైన ఉన్నది తియ్యడు. చెయ్యి మధ్యలోకంటా దూర్చి, అక్కడినుంచి గుప్పెడు తీస్తాడు. "పైపైన బాగుండటం గొప్ప కాదండి" అంటాడు, పెద్ద వేదాంతిలాగా. కళ్ళు మూసుకుని వాసన చూస్తాడు. నోట్లో వేసుకుని నెమ్మదిగా నములుతాడు. చూసేవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడతారు. మింగి, రుమాలుతో మీసం తుడుచుకుని, అప్పుడంటాడు ఆ మాట. చప్పట్లు.

ఒకసారి ఎవడో "నెమరు కూడా వేస్తాడా?" అన్నాడు.

"ప్రమోషన్ ఇస్తే వేస్తాడండి" అన్నాడు డైరెక్టరు.

అందరికంటే గట్టిగా నవ్వింది మా బాబాయే.

నేను కాలేజీ మానేసి వాళ్ళింటికి చేరేనాటికి ఈ వ్యవహారం బాగా ముదిరిపోయింది. బాబాయి సిఫారసు చేసి నన్ను దాణా గోడౌన్లో దినకూలీగా పెట్టించాడు. "మా అన్నయ్య కొడుకండి. మంచివాడు, ఎదురు చెప్పడు" అని నా ముందే చెప్పాడు. ఆయన దృష్టిలో మనిషికి అంతకంటే పెద్ద యోగ్యత లేదు. బస్తాలు మోయని వేళల్లో కేంద్రం గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. అక్కడికి శాస్త్రవేత్తలెవరూ రారు కాబట్టి నన్ను పొమ్మనేవాళ్ళూ లేరు. పశువుల కడుపు గురించి రాసిన పుస్తకాలు అక్కడ అట్టలు కూడా విరగకుండా ఉండేవి. అన్నీ చదివాను. ఆవు కడుపు మీద ఇంత శ్రద్ధ పెట్టిన లోకం మనిషి వెన్నెముక మీద ఒక్క పుస్తకమైనా రాయించి అక్కడ పెట్టాల్సింది.

క్వార్టర్సులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. వంటింట్లో గోడవారగా పీట వేసుకుని బాబాయి తినేవాడు. పిన్ని ఆయనతో కలిసి తినదు. "ఆ నోటి వాసన పక్కన కూర్చుంటే నాకు ముద్ద దిగదు" అనేది. బెల్లపు మడ్డి వాసన నిజంగానే ఆయన్ని వదిలేది కాదు. చొక్కాలు ఉతికినా పోదు.

"కూరలో ఉప్పు తగ్గిందే" అనేవాడు.

"గోడౌన్లో బస్తాలకొద్దీ ఉంటుందిగా. వెళ్ళి నాకండి."

"ఏమిటే ఆ మాటలు? పిల్లాడి ముందు."

"పిల్లాడు చూడనిదా? మొన్న ఆ బడిపిల్లల ముందు మేసొచ్చారుగా. వాళ్ళ పంతులమ్మ నాకు దూరపు చుట్టం. ఫోన్ చేసి మరీ చెప్పింది, మీ ఆయన భలే తింటాడమ్మా అని. నేను ఏ గోడకి తల కొట్టుకోను?"

బాబాయి కంచంలోకి వంగేవాడు. నాలుగు ముద్దలు తిన్నాక తనలో తనే అన్నట్టుగా "ఈ వారం తవుడు ముక్కిందిరా" అనేవాడు. లేకపోతే "చెక్క పాతది. బూజు వాసన కొడుతోంది" అనేవాడు. ఆయన నాలుకకి తెలియనిది లేదు, అది ఒప్పుకోవాలి. ఇంట్లో పీట మీద కూర్చుని సరుకు గుట్టంతా విప్పేవాడు. మర్నాడు అదే తవుడు, అదే చెక్క కలిపిన దాణా పదిమంది ముందు తిని కమ్మగా ఉందండి అనేవాడు. "మరి అక్కడ చెప్పొచ్చుగా బాబాయ్?" అంటే, "అడిగేది అందుకు కాదురా" అనేవాడు. ఎందుకు అడుగుతున్నారో అంత బాగా తెలిసి కూడా తినేవాడన్నమాట.

మా క్వార్టర్సు వరసకి పాలు పోసే ఒకావిడ ఉండేది. అందరూ పాలావిడ అనేవాళ్ళు. కేంద్రం ప్రహరీ గోడ అవతల రేకుల పాక, రెండు గేదెలు. ఒకటి ఒట్టిపోయింది. రెండోది ఇచ్చే పాలమీదే ఆ ఇల్లు నడిచేది. మొగుడు ఉండేవాడు గానీ ఆయన ఇంటికి చేసేది మాటల సాయం మాత్రమే. మా బాబాయి మీద పాలావిడకి ఎక్కడలేని గురి. శాంపిల్ అనేది కాదు, తమ్ముడూ అనేది. కేంద్రంలో కొత్త దాణా ఏది తయారైనా గుమ్మం దగ్గర పాలు కొలుస్తూ అడిగేది.

"తిన్నావా తమ్ముడూ?"

"తిన్నానక్కా."

"అయితే మా దానికి పెడతాను. మీ సైన్సు నాకేం తెలుస్తుంది? నువ్వు తిన్నావంటే నా గేదె తిన్నట్టే."

ఆ మాట విన్నప్పుడల్లా బాబాయి మొహం వెలిగిపోయేది. లోకంలో ఆయన్ని చూసి నవ్వకుండా నమ్మిన మనిషి ఆవిడొక్కతే. మా పిన్ని తలుపు చాటున నిలబడి పళ్ళు కొరికేది.

ఆ యేడు కేంద్రం వాళ్ళు యూరియా కలిపిన దాణా తయారు చేశారు. పొలంలో చల్లే యూరియానే. వినడానికి ఘోరంగా ఉంటుంది గానీ అబద్ధం కాదు. నెమరువేసే పశువు కడుపులో ఉండే సూక్ష్మజీవులు యూరియాని పట్టుకుని మాంసకృత్తులుగా మార్చుకుంటాయి. చెక్క ఖరీదు మిగులుతుంది. అయితే అది చాలా కొద్దిగా ఉండాలి, దాణా అంతటా సమానంగా కలవాలి. ఒకేచోట గడ్డగా పడితే అదే విషం. అందుకని ముందు నీళ్ళలో కరిగించి, ఆ నీళ్ళు బెల్లపు మడ్డిలో కలిపి, పంపుతో దాణా మీద సన్నటి తుంపరగా చల్లుతారు.

రైతుల ప్రదర్శన పెట్టుకున్న రోజుకి ముందురోజు ఆ పంపు పట్టేసింది. మడ్డి గడ్డకట్టి గొట్టం మూసుకుపోయింది. దాన్ని విప్పి, వేడినీళ్ళు పోసి, శుభ్రం చేసి మళ్ళీ బిగించాలంటే ప్రదర్శన వాయిదా వెయ్యాలి. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. మిక్సర్ మేస్త్రి యూరియాని పొడిగానే డ్రమ్ములో గుమ్మరించి, పైన మడ్డి బకెట్లతో పోయించి, పారతో తిప్పించేశాడు. చెమ్మ తగిలిన యూరియా గడ్డలు కట్టింది. మడ్డి పట్టిన యూరియా గడ్డ అచ్చం బెల్లం ముక్కలా ఉంటుంది. ఈ సంగతంతా మేస్త్రి నాకు తర్వాత బీడీ కాలుస్తూ చెప్పాడు. ఆ తర్వాత, అసలు నాకేమీ చెప్పలేదని కూడా చెప్పాడు.

ప్రదర్శన రోజున టెంటు వేశారు. చుట్టుపక్కల పాడివాళ్ళంతా వచ్చారు. డైరెక్టరు ఉపన్యాసం ఎవరికీ అర్థం కాలేదు, అలవాటే కాబట్టి ఎవరూ బాధపడలేదు. యూరియా అన్న మాట వినగానే మాత్రం జనంలో గుసగుసలు లేచాయి. "ఎరువు పశువుకి పెట్టమంటారా?" అని వెనకనుంచి ఒకాయన లేచి అడిగాడు. డైరెక్టరు నవ్వాడు.

"మీకెందుకు భయం? మా మనిషే తింటాడు. ఏమయ్యా!"

బాబాయి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. చెయ్యి మడిచాడు. బస్తా మధ్యలోకి దూర్చి గుప్పెడు తీశాడు. నేను పక్కనే బస్తాలు దించుతున్నాను, ఆయన మొహం నాకు రెండు బారల దూరంలో ఉంది. నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. దవడ ఆగిపోయింది.

యూరియా నాలుక మీద పడితే ముందు చల్లగా ఉంటుంది, తర్వాత చేదు. చేదంటే కాకరకాయ చేదు కాదు, ముక్కులోకి ఎక్కే చేదు. ఆయన కనురెప్పలు టపటపా కొట్టుకున్నాయి. మెడనరం లేచింది. ముందు వరసలో పాలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మా తమ్ముడే అన్నట్టు పక్కామెని మోచేత్తో పొడుస్తోంది. ఉమ్మెయ్యడానికి రెండు క్షణాలు ఉంది. పక్కన మట్టినేల ఉంది. ఉమ్మితే ప్రదర్శన పాడవుతుంది, అంతే కదా. లోకం మునగదు.

మింగాడు.

"కమ్మగా ఉందండి."

చప్పట్లు. బస్తాలు పంచారు. మొదటి బస్తా పాలావిడ నెత్తిన నేనే ఎత్తాను.

జనం కదులుతుండగా గోడౌన్ వెనక కుళాయి దగ్గర బాబాయి కనిపించాడు. నీళ్ళు పుక్కిలిస్తున్నాడు, ఉమ్ముతున్నాడు, వేలితో నాలుక గీకుతున్నాడు. మళ్ళీ పుక్కిలిస్తున్నాడు. నన్ను చూసి కుళాయి కట్టేశాడు.

"గొంతుకి పొడి అడ్డం పడిందిరా."

"బస్తాలో ఏమైనా తేడా ఉందా బాబాయ్?"

"ఏం తేడా? పని చూసుకో."

ఇంటికొచ్చాక పిన్ని టీ ఇస్తే ఒక గుక్క తాగి పక్కన పెట్టేశాడు. పంచదార ఎక్కువైందేమోనని పిన్ని తాగి చూసింది. సరిగ్గానే ఉంది.

మర్నాడు పొద్దున పాలావిడ పచ్చిగడ్డి కోసుకురావడానికి వెళ్ళే ముందు గేదెకి కొత్త దాణా తొట్టిలో పోసింది. గడ్డలు తియ్యగా ఉంటాయనుకుందేమో, ఏరి మరీ వేసిందట. తిరిగొచ్చేసరికి గేదె ఒళ్ళంతా వణుకుతోంది. నోట్లోంచి నురగ. పొట్ట బిగుసుకుపోయింది. పశువుల డాక్టరు విరుగుడుగా తాగించడానికి వెనిగర్ సీసాలు పట్టుకుని వచ్చేటప్పటికి కాళ్ళు చాపేసింది. గోడ ఇవతల మాకు ఏడుపు వినిపించింది. బాబాయి చెప్పులేసుకున్నాడు. అటే వెళ్తాడనుకున్నాం. పెరటి దారిన ల్యాబుకి వెళ్ళిపోయాడు.

కేంద్రానికి ఒక నియమం ఉంది. తప్పు దాణాదని తేలితే చచ్చిన పశువుకి బదులు తమ మందలోంచి పశువు ఇవ్వాలి. అందుకే తప్పు ఎప్పుడూ దాణాది కాదు. మిగిలిన బస్తాలన్నీ వెనక్కి తెప్పించి పరీక్ష పేరుతో మొత్తం మరపట్టించారు. గడ్డలన్నీ పిండిలో పిండి అయిపోయాయి. ఆ పిండిని పరీక్ష చేసింది కూడా మా బాబాయే. మాంసకృత్తుల లెక్క కోసం ఆ పరీక్ష కొలిచేది నత్రజనిని. అది చెక్కలోంచి వచ్చిందా యూరియాలోంచి వచ్చిందా అన్నది దానికి అక్కర్లేదు. అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. కేంద్రం చరిత్రలోనే అంత బలమైన దాణా లేదట.

మేస్త్రి చెప్పిన సంగతి నేను వెళ్ళి డైరెక్టరు గదిలో చెప్పాను. "నువ్వు ఎవరు?" అన్నాడు. చెప్పాను. "కలిపేటప్పుడు నువ్వున్నావా?" లేను. మేస్త్రిని పిలిపించారు. ఆయన నన్ను ఎన్నడూ చూడనట్టే చూశాడు. దాంతో మిగిలిన సాక్ష్యం ఒక్కటే, మా బాబాయి నాలుక.

విచారణకి ముందురోజు పాలావిడ మా ఇంటికి వచ్చింది. పాలచెంబు లేకుండా ఆవిడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాయి.

"తమ్ముడూ, పరగడుపున పెట్టి నేనే చంపుకున్నానంటున్నారు. మా ఆయన కూడా అదే మాట. ఊరంతా అదే మాట. గేదెని ఇచ్చినా ఇవ్వకపోయినా సరే, నేను చంపలేదని మాత్రం చెప్పు. నువ్వు తిన్నావుగా. నీకు తెలుసుగా."

బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ, "నిజం ఎక్కడికి పోతుందక్కా" అన్నాడు.

ఎక్కడికి పోతుందో మాకు ఆ సాయంత్రమే తెలిసింది. డైరెక్టరు గది నుంచి బాబాయి ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే, చెప్పులు కూడా విప్పకుండా, పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

"ఇవాళ సారు నన్ను కూర్చోమన్నారే!"

పిన్నికి అర్థం కాలేదు. "ఎక్కడ?"

"ఎదురుగా కుర్చీలో. ఇన్నేళ్ళ సర్వీసులో మొదటిసారి. టీ కూడా తెప్పించారు. నువ్వు ఈ సంస్థకి మూలస్తంభానివయ్యా అన్నారు."

ఆ కుర్చీని నేను ఆ గదికి వెళ్ళిన రోజున చూశాను. ఒక కాలు కురచ, కింద అట్టముక్క పెట్టి ఉంటుంది. అందులో కూర్చోమన్నందుకు మా బాబాయి ఒక గేదెని, ఒక మనిషి పరువుని ఇచ్చేసి వచ్చాడు. అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చి ఉంటాడు, బేరమాడటం ఆయనకి రాదు.

పిన్ని పొయ్యి ఆపేసి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. అరవలేదు. ఆవిడ అరవకపోతే మాకు భయం.

"ఏమండీ, మిమ్మల్ని ఎప్పుడైనా ఏమైనా అడిగానా? చీర అడిగానా, గొలుసు అడిగానా? ఈ ఒక్కసారి అడుగుతున్నాను. ఇన్నేళ్ళు మింగింది చాలు. రేపు ఉమ్మెయ్యండి."

"నీకు ఆఫీసు సంగతులు తెలియవు."

"చేదుగా ఉందా లేదా? అది చెప్పండి."

"అన్నం పెట్టు" అన్నాడు బాబాయి.

విచారణ సమావేశం హాల్లో జరిగింది. కుర్చీలు మోసింది నేనే కాబట్టి అక్కడే ఉన్నాను. ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరు కేంద్రం వాళ్ళే. మూడో ఆవిడ బయటి జిల్లా నుంచి వచ్చిన పశువైద్యురాలు, కళ్ళజోడు, చేతులకి గాజులు లేవు, మాటలు తక్కువ. ల్యాబు అంకెలు చూసి పక్కన పెట్టేసింది. పాలావిడ చెప్పింది మధ్యలో ఆపకుండా వింది. తర్వాత మా బాబాయి వైపు తిరిగింది.

"మీరు దాణా రోజూ రుచి చూస్తారటగా."

"చూస్తానండి."

"ఈ బస్తాదే తిన్నారా?"

"అదే మిక్సర్‌దండి."

"యూరియా గడ్డ నోట్లో పడితే పసిపిల్లకైనా తెలుస్తుంది. మీకు తెలియకుండా ఉండదు. తేడా ఉందని ఒక్క మాట చెప్పండి, నేను రాసుకుంటాను. మీ ఉద్యోగానికి ఏమీ కాకుండా చూసే పూచీ నాది. ఎలా ఉంది?"

అంతకంటే వెడల్పుగా ఏ తలుపైనా తెరుస్తారా ఎవరికైనా? డైరెక్టరు కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. పాలావిడ రెండు చేతులూ జోడించలేదు, ఏడవలేదు. తమ్ముడి నోటివైపు చూస్తోంది, అంతే. బాబాయి రుమాలు తీశాడు. తినకుండానే మీసం తుడుచుకున్నాడు.

"కమ్మగా ఉందండి."

పశువైద్యురాలు ఆ మాటే రాసుకుంది. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంది. యజమానురాలి అజాగ్రత్త అని తీర్పు. బయటికి వచ్చాక పాలావిడ మొగుడు "నేను చెప్పలేదా?" అన్నాడు పదిమందికి వినపడేలా. ఆవిడ మొగుణ్ణీ, బాబాయినీ దాటుకుని ఇంటికి నడిచింది. ఒట్టిపోయిన గేదెని ఎవరికో తోలేసి, ఊరవతల హాస్టల్లో గదులు ఊడ్చే పనికి కుదిరింది.

ఇంత చేసిన మనిషికి సంస్థ ఏమిచ్చిందో కూడా చెప్పాలి. ఇక మీదట ఉద్యోగులెవరూ సందర్శకుల ఎదుట దాణా తినరాదని డైరెక్టరు ఉత్తర్వు వేశాడు. జాగ్రత్తపరుడు. మళ్ళీ ఎవడి నాలుకనైనా విచారణకి పిలిస్తే? మా బాబాయికి దిక్కు తోచలేదు. ఎవరైనా కార్లలో వస్తే చేతులు కడుక్కుని, చెయ్యి మడుచుకుని, ల్యాబు గుమ్మంలో నిలబడేవాడు. పిలవరు. చూపులు పక్కకి తిప్పుకుని వెళ్ళిపోతారు. రెండోసారి కుర్చీ కూడా ఎవరూ చూపించలేదు. దాణా తినమన్నందుకు ఏనాడూ బాధపడని మనిషి తినొద్దన్నందుకు వారం రోజులు సెలవు పెట్టి మంచమెక్కాడు. పిన్ని అన్నం వండి మూతపెట్టి పుట్టింటికి వెళ్ళింది. వస్తానని చెప్పి వెళ్ళింది, ఎప్పుడో చెప్పలేదు.

పదవీ విరమణ సభలో ఆయన్ని నిష్ఠకు మారుపేరు అని పొగిడారట. పిలుపు వచ్చింది గానీ నేను వెళ్ళలేదు. అప్పటికి గోడౌన్ వదిలేసి ప్రింటింగ్ ప్రెస్సులో చేరాను. హాస్టలు పక్క వీధిలో గది తీసుకున్నాను. పాలావిడ ఇప్పుడు అదే వీధిలో నాలుగిళ్ళ అవతల ఉంటుంది. కనిపిస్తే పలకరిస్తుంది. "మీ బాబాయి ఎలా ఉన్నాడు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు వెతికాను, దొరకలేదు. ఆవిణ్ణి అనడానికి నాకు నోరు రాదు గానీ, అంత మంచితనం కూడా మంచిది కాదు.

కిందటి ఆదివారం బాబాయి నా గదికి వచ్చాడు. పిన్ని తిరిగి వచ్చేసిందని చెప్పాడు. విడిగా తినడం మాత్రం మానలేదట. మంచం అంచున కూర్చుని నా పుస్తకాలు ఒకటొకటే తీసి, అట్ట చూసి, అదే చోట పెట్టాడు. వెళ్తానని లేచి తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. వీధిలో పాలావిడ చీపురు చంకలో పెట్టుకుని కుళాయి దగ్గర బిందె నింపుకుంటోంది. ఆవిడ బిందె ఎత్తుకుని, గుమ్మం ఎక్కి, తలుపు వేసుకునేదాకా ఆయన నా తలుపు వెనకే నిలబడ్డాడు. జేబులోంచి రుమాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

"ఒరేయ్, ఆవిడ నీకు కనబడుతూనే ఉంటుందిగా" అన్నాడు.

"ఉంటుంది."

"దాణా చేదుగా ఉందని చెప్పరా. నాలుక మీద పడగానే తెలిసిపోయిందని చెప్పు. తన తప్పు ఏమీ లేదని చెప్పు." మెట్టు దిగి, వీధి అటూ ఇటూ చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు. "నేను చెప్పానని మాత్రం చెప్పకు."